యాంప్లిఫయర్‌కి దుప్పటి

ఆదివారం పొద్దున దూది మేస్త్రి వేసుకున్న పథకం చాలా చిన్నది. టిఫిన్ తినాలి, వెనక గదిలోకి పోవాలి, తలుపు వేసుకోవాలి, హోం థియేటర్‌లో ఒక సినిమా మొదటి నుంచి చివరిదాకా వినాలి. చూడకపోయినా ఫరవాలేదు, వినాలి. వారానికి ఆరు రోజులు బాయిలర్ పక్కన నిలబడి ఆవిరి గొట్టాలకు వేడి బయటికి రాకుండా గాజు దూది చుట్టే మనిషికి, మాట మాటలాగా వినిపించే చోటు భూమ్మీద ఆ గదొక్కటే. ఇంట్లోవాళ్ల మాటలు వినపడవని కాదు, అవి కూడా బాయిలర్ లాగే వినపడతాయి.

అయితే నెల రోజులుగా ఆ గదికి ఓ రోగం పట్టుకుంది. సినిమా పెట్టిన ఇరవై నిమిషాలకు హోం థియేటర్ యాంప్లిఫయర్ వేడెక్కుతుంది. వేడెక్కగానే దాని లోపలున్న చిన్న ఫ్యాను గుర్రుమంటూ లేస్తుంది. తెర మీద తల్లి చచ్చిపోతూ కొడుక్కి ఏదో చెబుతుంటుంది, వెనక పిండిమర ఆడుతుంటుంది. ఆ తల్లి ఏం చెప్పి పోయిందో మేస్త్రికి ఇప్పటికీ తెలియదు.

టిఫిన్ పళ్లెం ముందు పెడుతూ భార్య అసలు సంగతి బయటపెట్టింది.

"తమ్ముడు కుట్టుమిషన్లు పెట్టుకోడానికి చోటు లేక అల్లాడిపోతున్నాడు. ఆ గది వాడికిచ్చేద్దాం."

"నా గదా?"

"అందులోంచి పాటా రావట్లేదు, మాటా రావట్లేదు. ఆ రొద ఒక్కటే వస్తోంది. నా చెవులు తూట్లు పడుతున్నాయి."

"రొద ఆగిపోతే?"

"పన్నెండుకి వాడొస్తాడు. ఆలోగా ఆపండి, గది మీదే. మళ్లీ ఆ మాటెత్తను. ఆపలేకపోతే సామాను మీ చేత్తో మీరే సర్దాలి."

మేస్త్రి రిపేరు షాపతనికి ఫోన్ చేశాడు.

"దానికి గాలాడాలి. చుట్టూ జానెడు చోటు వదిలి, లోపల దుమ్ము దులపండి," అన్నాడతను.

"వేడి గురించి నువ్వు నాకు చెబుతున్నావా? ఇరవై రెండేళ్లుగా నేను చేసే పనే అది."

"అంత తెలిసినవాళ్లు నాకెందుకు చేశారు?" అని అతను పెట్టేశాడు.

మేస్త్రికి తెలిసిన వేడి వేరు. ఫ్యాక్టరీలో గొట్టానికి దూది చుట్టడం అవగానే ఇన్‌స్పెక్టర్ వస్తాడు. చుట్టిన దాని మీద అరచెయ్యి ఆనిస్తాడు. చల్లగా ఉంటే సంతకం పెట్టి పోతాడు. లోపల ఆవిరి ఎంత కుతకుతలాడినా అడిగే నాథుడు లేడు. ఇరవై రెండేళ్లలో ఒక్క గొట్టం కూడా ఆ పరీక్షలో తప్పలేదు.

అటక మీద మిగులు దూది ఉంది. దించాడు. సినిమా పెట్టి, యాంప్లిఫయర్ ఆడుతుండగానే దానికి ఒక వరస చుట్టాడు. రొద సగానికి సగం తగ్గింది. అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉంది. పది నిమిషాల తర్వాత లోపలి ఫ్యాను రెండింతలు అరిచింది. ఇంకో వరస చుట్టాడు. చల్లగానే ఉంది. ఫ్యాను ఇంకా అరిచింది. గాజు నూకలు కళ్లలో పడి నీళ్లు ధారగా కారుతుండగా మూడో వరసకి దిగాడు.

సరిగ్గా అప్పుడే భార్య తలుపు సందులోంచి చూసింది. మొగుడు కన్నీళ్లు కారుస్తూ ప్యాకింగ్ చేస్తున్నాడు. ఆమె కూడా మనిషే, గుండె కాస్త కలుక్కుమంది. వంటింట్లోకి వెళ్లి తమ్ముడికి ఫోన్ చేసింది.

"మీ బావ ఒప్పుకున్నార్రా. ఏడుస్తూనే సర్దేస్తున్నారు పాపం. తొందరగా వచ్చి ఓ చెయ్యి వెయ్యి."

పదకొండుకే బావమరిది మూడు మిషన్లు వ్యానులో వేసుకుని దిగాడు. వాటిని హాల్లో దింపించి, వ్యాను పంపేసి, వాటి మీద కప్పిన టార్పాలిన్ పట్టుకుని గదిలోకొచ్చాడు.

"లే బావా, కట్టడం నాకొదిలెయ్. బట్టల మూటలు కట్టిన చెయ్యి ఇది."

రొద ఆపడంలో తనకు బావమరిది సాయమొచ్చాడనుకున్నాడు మేస్త్రి. పెళ్లయ్యాక మొదటిసారి అతని మీద కాస్త అభిమానం కలిగింది.

"గట్టిగా కట్టు. ఎక్కడా సందు ఉండకూడదు."

"చీమ కూడా దూరదు చూడు." దూది మీద చలికాలపు దుప్పటి, దుప్పటి మీద టార్పాలిన్, దాని మీద ఎనిమిది చుట్లు తాడు. బావమరిది ముడి వేస్తూ చెవి ఆనించాడు. "లోపల ఏదో మూలుగుతోంది బావా."

"మూలగనీ. అలవాటయ్యేదాకా అంతే."

ప్రాణంగా చూసుకున్న వస్తువు, ఆపడానికి మనసొప్పడం లేదు కాబోలని బావమరిది ఊరుకున్నాడు.

పన్నెండుకి పది నిమిషాలుందనగా రబ్బరు కాలిన వాసన వచ్చింది. మూట లోపల టప్‌మని చిన్న చప్పుడైంది. ఆ తర్వాత ఏమీ లేదు. తెర మీద ఒకామె నోరు తెరిచి ఏడుస్తోంది గానీ గదిలో గడియారం ఒక్కటే వినపడుతోంది.

ఆ నిశ్శబ్దానికి భార్య పరిగెత్తుకొచ్చింది.

"అక్కా, ఇక బయట పెట్టేద్దామా?" అన్నాడు తమ్ముడు.

"బయటెందుకు?" అన్నాడు మేస్త్రి. "పన్నెండులోగా రొద ఆపితే గది నాదేనంది మీ అక్క, ఆపాను. గది నాది."

బావమరిది అక్క వైపు చూశాడు. అక్క గడియారం వైపు చూసింది. లోపల ఏం జరిగిందో మేస్త్రికి తెలుసు. పైకి చెబితే గది పోతుంది.

"అయితే ఓ పాట పెట్టు బావా, విందాం."

"ఇప్పుడే చల్లబడింది. కదిలించకూడదు."

భార్య ముందుకొచ్చి మూట మీద అరచెయ్యి ఆనించింది. మొగుడి మొహంలోకి కాసేపు చూసింది.

"చల్లగానే ఉందిరా," అంది తమ్ముడితో. "అన్న మాట అన్నదే. గది మీ బావదే. నీ మిషన్లు హాల్లోనే ఉండనీ, ఆ తలుపు పక్కన."

అప్పటినుంచి మేస్త్రి రోజూ సాయంత్రం ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటాడు. మూట ముందు రెండున్నర గంటలు కూర్చుంటాడు. ముందే బయటికొస్తే అనుమానమొస్తుంది. బయట మూడు మిషన్లు ఒక్కసారిగా దడదడలాడుతుంటాయి.

"సినిమా ఎలా ఉంది బావా?" అని కేకేస్తాడు బావమరిది.

"బాగుంది."

"ఒక్క ముక్కా బయటికి వినపడదేం?"

"చుట్టిన చెయ్యి అలాంటిది."

నిన్న ఫ్యాక్టరీ నుంచి వస్తూ మేస్త్రి ఆ తలుపుకి సరిపడా దూది తెచ్చుకున్నాడు.