గ్లెనిస్ ట్యాంకు సాంద్రత

దగ్గరికి జరిగి కూర్చోండి, చెబుతాను. విశ్వంలో నీళ్లకు కొరత లేదు. ఈ సంగతిని మల్గా హిల్ నీటి సరఫరా ఆఫీసు అధికారికంగా ప్రకటించింది. (ఊళ్లో వాన పడి అప్పటికి ఎనిమిది నెలలు.)

ఆ ఊరి కొండమీద పెద్ద టెలిస్కోపు ఉంది. ఎక్కడో దూరాన ఉన్న గ్రహం అంతే సైజు రాయికన్నా తేలిగ్గా ఉంటే, అందులో నీళ్లు ఉండొచ్చని అక్కడివాళ్లు చెబుతారు. కొండ దిగి ఆఫీసుకు చేరేసరికి ఆ "ఉండొచ్చు" కాస్తా "ఉన్నాయి" అయింది. గ్రహాల లెక్కే ఇళ్లలోని ట్యాంకులకూ రూలైంది.

గ్లెనిస్ పాస్కో వాననీటి ట్యాంకు అడుగంటింది. పధ్నాలుగు కోళ్లు, తను, రెండు బకెట్ల నీళ్లు మిగిలాయి. నీళ్ల బండి పంపమని ఆఫీసును అడిగితే, డారిల్ అనే అధికారి తూకం యంత్రంతో వచ్చాడు.

"తూకమెందుకు డారిల్? ఇలా చూడు." ఆ ఊళ్లో అందరూ చేసినట్టే నీళ్లు ఎందాకా ఉన్నాయో తెలిసేలా ఆమె ట్యాంకు రేకుమీద పైనుంచి కిందిదాకా వేళ్లతో కొట్టింది. అంతటా డొల్ల మోతే. "విన్నావా?"

"చెవిని ఆఫీసు గుర్తించదు గ్లెనిస్," అంటూ డారిల్ తూచాడు. "అబ్బో! సైజుకు చూస్తే శనిగ్రహం కన్నా తేలిక. నీ దగ్గర మహాసముద్రం ఉంది. దరఖాస్తు కొట్టేశాం."

"ఆ సముద్రంలో ఓ గ్లాసు నువ్వు తాగి చూపించు!"

"నమూనాలు తాగకూడదు. రూలు."

"మరి ఎండిపోయిందని ఎప్పుడు ఒప్పుకుంటావయ్యా?"

"రాయిలా బరువెక్కితే."

గ్లెనిస్ పక్కింటి విన్స్‌ను పిలిచింది. ఇద్దరూ రెండ్రోజులు వంగి, లేచి, బూతులు తిట్టుకుంటూ సగం ట్యాంకు రాళ్లతో నింపారు. డారిల్ మళ్లీ తూచి టోపీ తీశాడు. "పాపం, ఎంత కరువు!"

ఆ మధ్యాహ్నమే బండి వచ్చి రాళ్లమీద నీళ్లు పోసింది. రూలు ప్రకారం డారిల్ మరోసారి తూచాడు. ట్యాంకు ఇంకా బరువెక్కింది. అంటే ఇంకా ఎండిపోయింది. అత్యవసరంగా రెండో బండి పంపారు. దాంతో మరీ ఎండిపోయింది. మూడోది వచ్చేసరికి నీళ్లు పొర్లి కోళ్లు గూటి పైకప్పు ఎక్కాయి.

"ఏడవకు గ్లెనిస్, నాలుగోది బయల్దేరింది," అన్నాడు డారిల్.

"నవ్వుతున్నానయ్యా!" అని ఆమె విన్స్ ఇంటికి గొట్టం వేసింది.

ఇప్పుడు రికార్డుల్లో జిల్లా మొత్తానికీ ఎడారి ఆమె పెరడే. ఖాళీ ట్యాంకులున్న మిగతా ఇళ్లన్నీ ముంపు ప్రాంతం. ఈ కథ గుర్తుపెట్టుకుని నలుగురికీ చెప్పండి. చెప్పి చెప్పి గొంతెండితే ఆఫీసుకు రాయండి. ముంపు బాధితులకు ఇచ్చే లైఫ్ జాకెట్ మీకూ ఒకటి పంపుతారు.