మేఘద్వార గోపురంలో ముఖపరీక్ష

మనిషి ముఖం చూసి మనిషిని పోల్చుకునే బాధ నుంచి మానవజాతిని విముక్తం చేసిన ఘనత మా చోంగ్‌చింగ్ నగరానిదే. ఇకపై ఆ పని యంత్రాలు చూసుకుంటాయి. మనుషులు వరసలో నిలబడితే చాలు.

ఈ సంస్కరణ ఫలం అందుకోవడానికి ఆ శనివారం మధ్యాహ్నం రాన్ షిజూ అనే డెబ్భై ఆరేళ్ళ ముసలావిడ మేఘద్వార గోపురం దగ్గరికి వచ్చింది. వెంట మనవరాలు సూయిన్. ఊరు చూడ్డానికని బయలుదేరారు గానీ ఊళ్ళో ఆవిడ చూడాల్సింది ఒకటే ఉంది. నలభై ఏళ్ళ కిందట ఈ గోపురానికి మరమ్మతులు జరిగినప్పుడు ఆవిడ మొగుడు కావడి భుజాన వేసుకుని ఐదో అంతస్తుకి సున్నం మోశాడు. పని అయిపోయిన రోజున ఉత్తరపు కిటికీ గట్టు మీద పచ్చి సున్నంలో ఎడమ బొటనవేలు అద్ది వచ్చాడట. "ఎప్పుడైనా తీసుకెళ్ళి చూపిస్తాలే" అని నలభై ఏళ్ళు చెప్పాడు. పోయిన చలికాలంలో ఏమీ చెప్పకుండా కన్నుమూశాడు. ఈ సోమవారం నుంచి గోపురం మూడేళ్ళు మూసేసి, కిటికీ గట్లన్నీ పగలగొట్టి కొత్తవి కడతారు. అంటే ఆ వేలిముద్ర ఆయుష్షు ఇంకా ఒకటిన్నర రోజు.

డెబ్భై దాటినవారికి గోపురం ప్రవేశం ఉచితం. (ఉచితం కాబట్టే వారం ముందు బుక్ చేసుకోవాలి.) సందర్శనల సమన్వయ విభాగం బుకింగ్‌ని ఉదయం ఏడింటికి తెరుస్తుంది, ఏడు దాటిన నలభై సెకన్లకి మూస్తుంది. గోపురాన్ని బయట నిలబడి తలెత్తి చూడాలంటే దానికి వేరే బుకింగ్. (తల దించుకుని నడిచిపోయేవారికి ప్రస్తుతానికి మినహాయింపు ఉంది.) సూయిన్ రెండు ఫోన్లు పట్టుకుని కుస్తీ పడితే ఒకే ఒక్క చోటు దొరికింది. రెండూ పది నుంచి రెండూ ఇరవై అయిదు వరకు, నాయనమ్మ పేరు మీద.

బుకింగ్‌కి ముఖం ఫొటో జతచేయాలి. మా ఊళ్ళో ఈ తరం పిల్లలు ముఖం కడుక్కోకుండానైనా బయటికి వస్తారు గానీ, ఫోన్ ఫిల్టర్‌తో ముఖానికి మెరుగు పెట్టకుండా ఫొటో మాత్రం బయటికి పంపరు. స్నేహితురాలి ఫొటోకి మెరుగు పెట్టకుండా నలుగురికీ చూపిస్తే ఆ స్నేహం ఆ పూటతో సరి. సూయిన్ ఫోన్లో మెరుగు ఎప్పుడూ వేసే ఉంటుంది, అలా వేసి ఉందన్న సంగతి కూడా ఆ పిల్లకి గుర్తుండదు. నాయనమ్మ ఫొటో కూడా ఆ దారినే వెళ్ళింది. ముడతలు పోయాయి, గడ్డం సన్నబడింది, కళ్ళు టీ కప్పులంతయ్యాయి.

రెండూ పదకొండుకి షిజూ గేటు ముందు నిలబడింది. యంత్రం ఆవిడని ఆపాదమస్తకం గౌరవంగా చూసింది.

"మీరు రాన్ షిజూ గారు కారు. దయచేసి రాన్ షిజూ గారిని ముందుకు రానివ్వండి."

"నేనేనమ్మా, సరిగ్గా చూడు" అంది షిజూ యంత్రంతో. కళ్ళజోడు తీసింది. మళ్ళీ పెట్టుకుంది. వెనకాల వరస కూడా చేయి కలిపింది.

"బామ్మగారూ, కళ్ళు బాగా పెద్దవి చేయండి!"

"చెంపలు లోపలికి పీల్చండి! ఇంకా, ఇంకా!"

షిజూ పీల్చింది. యంత్రం కరగలేదు. ద్వార సంరక్షణ ఉపపర్యవేక్షకుడు షియాంగ్ గారు పరుగున వచ్చి ఆవిడ గుర్తింపు కార్డు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కార్డు ప్రకారం రాన్ షిజూ గారు మీరే. నాకు ఏ సందేహమూ లేదండీ. కానీ నాకు సందేహం లేకపోతే సరిపోతుందని నిబంధనల్లో ఎక్కడా రాయలేదు."

"డెబ్భై ఆరేళ్ళుగా నేనే రాన్ షిజూని బాబూ. మధ్యలో ఒక్కరోజు సెలవు కూడా పెట్టలేదు."

"ఫొటో మార్చుకోవచ్చు బామ్మగారూ. ఏడు పనిదినాలు పడుతుంది."

"సోమవారం మూసేస్తున్నారు కదయ్యా! పోనీ, ఆ పక్క తలుపులోంచి పంపించు."

"అది సిబ్బందికండీ." షియాంగ్ గారు గొంతు తగ్గించాడు. "యంత్రం గుర్తుపట్టని సిబ్బందికి. నేను పొద్దున్నే అందులోంచే వస్తాను."

రెండూ పందొమ్మిది అయింది. సూయిన్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"అంతా నావల్లే నాయనమ్మా. ఆ ఫొటో నేనే తగలేశాను."

"ఊరుకోవే పిచ్చిపిల్లా. ఫొటోలో బావున్నానుగా, అది చాలదూ?" అంది షిజూ. అంటూనే ఐదో అంతస్తు వైపు తలెత్తి చూసింది. బుకింగ్ లేకుండానే.

ఇక ఏం చేయాలో తోచక సూయిన్ తన ఫోన్లో ఉన్న ఆ ఫొటోనే తీసి యంత్రం ముందు పెట్టింది. రెప్పపాటులో గేటు తెరుచుకుంది.

"రాన్ షిజూ గారికి స్వాగతం."

షియాంగ్ గారు నిబంధనల పుస్తకం తిరగేశాడు. మనిషి మంచివాడు, దారి వెతికే ఓపిక ఉన్నవాడు. "గుర్తింపు పొందినవారు లోపలికి వెళ్ళవచ్చు, అని ఉంది. కాబట్టి ఫొటో వెళ్ళవచ్చు."

"ఫొటో ఎలా నడుస్తుందండీ?" అంది సూయిన్.

"నడవలేని వృద్ధులకి తోడుగా ఒక సహాయకురాలిని అనుమతిస్తాం. ఉచితం. త్వరగా వెళ్ళమ్మా."

సూయిన్ ఫోన్ గుండెలకి హత్తుకుని, రెండేసి మెట్లు ఎక్కుతూ పరుగెత్తింది. షిజూ కటకటాల దగ్గర తన ఫోన్ పట్టుకుని నిలబడింది. రెండూ ఇరవై మూడుకి వీడియో కాల్ వచ్చింది.

"కిటికీ దొరికింది నాయనమ్మా! గట్టు చూపిస్తున్నా, కనిపిస్తోందా?"

షిజూ చూసింది. ఇంకా దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఏముందే ఇక్కడ? గట్టు అద్దంలా ఉంది. సోమవారం దాకా ఆగలేకపోయారా వీళ్ళు? అప్పుడే కొత్తది కట్టేశారా?"

సూయిన్ గట్టు మీద చేయి పెట్టి చూసింది. వేలికి గుంట తగులుతోంది. ఫోన్లో మాత్రం గుంట లేదు. తాత వేలిముద్రని ముడతగా భావించి మెరుగు చెరిపేసిందని ఆ పిల్లకి అప్పుడు తట్టింది. వెంటనే మెరుగు తీసేసింది. మరుక్షణం గట్టు మీదికి నలభై ఏళ్ళ వయసు వచ్చిపడింది. బీటలు, నాచు, వాటి మధ్యన వెడల్పాటి బొటనవేలి గుంట, దానికి అడ్డంగా ఒక గీత.

"అదే! మీ తాతదే!" షిజూ అరిచిన అరుపుకి వరస మొత్తం ఇటు తిరిగింది. "ఆ గీత చూశావా? మా పెళ్ళయిన ఏడు మిరపకాయలు తరుగుతూ కోసుకున్నాడు. కోసుకుంది ఎడమచెయ్యి, కానీ నాలుగు రోజులు నూడుల్స్ నాచేతే తినిపించుకున్నాడు. దొంగ మనిషి!"

నవ్వుతోందో ఏడుస్తోందో ఆవిడకే తెలియలేదు. వరసలో ఒకాయన టిష్యూ కాగితాల పొట్లం అందించాడు.

రెండూ ఇరవై అయిదుకి గంట మోగింది. సూయిన్ రొప్పుతూ దిగివచ్చి, బయటికి వెళ్ళే దారిలోని యంత్రానికి ఫొటో చూపించింది. యంత్రం గొంతు తేనెలా పలికింది.

"రాన్ షిజూ గారూ, మెల్లగా వెళ్ళిరండి."

"అలాగే నాయనా" అంది షిజూ కటకటాల అవతలి నుంచి, కళ్ళు తుడుచుకుంటూ.

షియాంగ్ గారు దగ్గరికి వచ్చి మర్యాదగా చెప్పాడు.

"మీతో కాదు బామ్మగారూ, లోపలికి వెళ్ళొచ్చినావిడతో అంటోంది."