అర్ధం లేని విమర్శ

చొక్కా జేబులో ఉండవలసిన తిట్ల కాగితం లేదని ప్రూఫురీడరు కనిపెట్టేసరికి, ఆ జేబు చొక్కాతో సహా సబ్బునీళ్ళ బకెట్లో మునిగి ఉంది.

కాగితంలోని తిట్లు స్వయంగా ఆయన రాసినవే. ఆ సాయంత్రం తిట్లు తినబోయేది కూడా పరాయి మనిషి కాదు. బకెట్టు పక్కన పీట మీద కూర్చుని, ఆ చొక్కా కాలరే రుద్దుతున్న ఆయన భార్య.

"జేబులు చూశావా?" అన్నాడు, ఏదో వాతావరణం గురించి అడుగుతున్నట్టు.

"చూశాను."

"ఏమున్నాయి?"

"పెన్సిలు ముక్క. బస్సు టికెట్టు. ఓ కాగితం."

"కాగితమా?"

"తడిసి ముద్దయింది. పారేశాను. పనికొచ్చేదా?"

"అబ్బే! ఏదో ప్రూఫు."

"ప్రూఫంటే సాక్ష్యం అని కూడా అంటారు కదండీ?" అంది ఆవిడ కాలరు మీంచి తలెత్తకుండా.

ప్రూఫురీడరుకు వీపున చెమట పట్టింది. ఆవిడ ఏ మాట ఊరికే అంటుందో, ఏ మాట ఊరికే అనదో ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆయనకు ఇంతవరకూ అంతుపట్టలేదు.

ఆవిడ పగలంతా పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. కుర్చీ చూసి పళ్ళు బిగించే రోగులను మాటల్లో పెట్టి నోరు తెరిపించడం ఆవిడ ఉద్యోగం. శనివారం సాయంత్రాలు మాత్రం లైబ్రరీ మేడమీది హాల్లో మైకు పట్టుకుని అరగంటసేపు జోకులు చెబుతుంది. అక్కడ కూడా నోళ్ళు తెరుచుకునేవి. ఆవలింతలకు.

లోపం ఎక్కడుందో ప్రూఫురీడరుకు తెలుసు. ఆవిడ జోకులను నోట్‌బుక్కులో రాసుకుని, బట్టీపట్టి, ఎక్కాలు అప్పజెప్పినట్టు అప్పజెప్పేది. మరి ఇంట్లోనో! "ఈ పుస్తకాల గుట్ట ఎప్పుడు తీస్తారు?" అని ఆవిడ అడిగి, "తీరిక దొరకగానే" అని ఆయన అంటే, ఆ మాట పూర్తయ్యేలోగా "ఆ గుట్ట కిందే ఉంటుంది, వెతకండి" అనేది. ఇలాంటివి రోజుకు పది రాలిపడేవి. ఏరుకోవడానికి ఇంట్లో ఉన్నది ఆయన ఒక్కడే.

ఈ ముక్క చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచాడు. మెట్లు దిగుతూ ఆవిడ "ఎలా చెప్పానండీ?" అనగానే, "బ్రహ్మాండం" అని మూసేశాడు. ఊరందరి తప్పులు దిద్ది బతికే మనిషికి, పెళ్ళాం తప్పు దగ్గరికి వచ్చేసరికి కలంలో ఎర్రసిరా గడ్డకట్టుకుపోయేది.

ఇలా ఉండగా నెలకిందట ఓ శనివారం, నాలుగో వరుసలో ఒక బట్టతలాయన లేచి, "అమ్మా, ఈ జోకుకు రిటైరయ్యే వయసొచ్చింది, పంపించెయ్యండి!" అని అరిచాడు.

ఆవిడ బట్టీ పుటుక్కున తెగింది. ఒక్క క్షణం ఆగి, "కాగితాలు పట్టుకుని మీ ఆఫీసుకే వచ్చానండీ. బల్లమీద ఏదో వెలుగుతుంటే లైటనుకుని స్విచ్చి కోసం వెతికాను. చూస్తే మీరు తల వాల్చి నిద్రపోతున్నారు!" అంది.

హాలు గొల్లుమంది. బట్టతలాయన సైతం తల నిమురుకుంటూ నవ్వాడు. మరుసటి వారం ఆయన రాలేదు. నవ్వు కూడా రాలేదు.

అప్పుడు తట్టింది ప్రూఫురీడరుకు ఉపాయం. కాయలున్న చెట్టుకే రాళ్ళదెబ్బలంటారు. మరి రాయి విసిరేవాడే లేకపోతే చెట్టుకు కాయలున్నట్టు ఎవరికి తెలుస్తుంది?

రాయి విసరడానికి ఆయన ఎంచుకున్నది బస్టాండులో అనౌన్సరుగా చేసే స్నేహితుణ్ణి. ఇరవయ్యేళ్ళుగా ప్రతి బస్సు గురించీ రెండేసిసార్లు చెప్పీ చెప్పీ, ఆయన ఏ మాటైనా రెండుసార్లు అనడానికి అలవాటు పడ్డాడు. ఊళ్ళో అందరూ ఆయన్ని "రెండుసార్లాయన" అంటారు. "నువ్వంటే నాకు ఇష్టం" అని భార్యతో రెండుసార్లు అంటే, ఆవిడ మొదటిదాన్ని నమ్మి, రెండోదాన్ని అనుమానించిందట.

"తిట్టడం నాకు చేతకాదండీ, చేతకాదండీ," అన్నాడు రెండుసార్లాయన. "కాగితం ఇస్తే చదువుతాను. చేతికిచ్చింది చదవడం నా పని. అర్థం చేసుకోవడం ప్రయాణికుల పని."

మొదటి శనివారం ఆయన వెనక వరుసలో లేచి, గొంతు సవరించుకుని, "బ్రాకెట్లో వెటకారంగా. అమ్మా, మీ జోకులు వినీ వినీ నా చెవులు తుప్పు పట్టాయి. బ్రాకెట్లో వెటకారంగా. అమ్మా, మీ జోకులు వినీ వినీ నా చెవులు తుప్పు పట్టాయి," అని చదివాడు.

"తుప్పు కాదండీ, ప్రతిధ్వని," అంది ఆవిడ. "తల ఖాళీగా ఉంటే ప్రతి మాటా రెండుసార్లు వినపడుతుంది."

జనం కుర్చీల మీద చరిచారు. ఆ పై శనివారానికి హాల్లో కుర్చీలు చాల్లేదు. ప్రూఫురీడరు కిటికీ పక్కన కూర్చుని, తన తెలివికి తనే మురిసిపోయాడు.

మురిపెం మంగళవారం దాకా నిలిచింది.

"ఏమండీ, నా జోకులు వింటే నిజంగా చెవులు తుప్పు పడతాయా?" అంది ఆవిడ కాఫీ కప్పు చేతికిస్తూ.

"ఎవడో దారినపోయే దానయ్య అన్నదానికి ఏమిటి నువ్వు!"

"ఒకసారి అంటే మర్చిపోదును. రెండేసిసార్లు అంటున్నాడు."

"నీ జవాబుకు అందరూ పడీపడీ నవ్వారుగా?"

"నవ్వు వాళ్ళు ఇంటికి పట్టుకుపోయారు. తిట్టు నేను పట్టుకొచ్చాను."

గురువారం బట్టలు మడతపెడుతూ, మామూలు గొంతుతోనే అంది. "ఈ శనివారమే ఆఖరండీ. హాలు సెక్రటరీకి ఆ సాయంత్రమే చెప్పేస్తాను."

అప్పుడైనా నిజం చెప్పేస్తే సరిపోయేది. కానీ ఉపాయం పన్నినవాడికి నిజం ఎప్పుడూ ఆఖరి బస్సే. అది వచ్చేలోగా ఇంకో ఉపాయం వచ్చి ముందు ఆగుతుంది. ఈసారి తిట్లు మూడే రాశాడు, అవీ చప్పటివి. నాలుగోదిగా "అమ్మా, నేను ఓడిపోయాను, మీరు మాత్రం మానకండి" అని రాశాడు. శత్రువే కాళ్ళబేరానికి వస్తే ఆవిడ మనసు కుదుటపడుతుందని ఆయన లెక్క.

ఆ కాగితమే బకెట్లో మునిగింది.

ముద్దయింది కదా, పారేసింది కదా అని ధైర్యం చెప్పుకుంటూ ప్రూఫురీడరు ప్రెస్సుకు వెళ్ళి, గుర్తున్నంత మటుకు మళ్ళీ రాసి, పదకొండింటికి బస్టాండులో ఇచ్చి వచ్చాడు.

"బ్రాకెట్లు చదవకు," అన్నాడు.

"చదవను, చదవను," అన్నాడు రెండుసార్లాయన, కాగితం వైపు చూడకుండా జేబులో పెట్టుకుంటూ.

సాయంత్రం హాలు కిటకిటలాడింది. ఆవిడ మైకు ముందుకొచ్చి, నోట్‌బుక్కు తెరిచి, ప్రశాంతంగా మొదటి జోకు మొదలుపెట్టింది. ప్రూఫురీడరు మూడో వరుసలో కిటికీ పక్కన గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు. జోకు సగంలో ఉండగా వెనక కుర్చీ కిర్రుమంది.

"అమ్మా, మీ జోకులకు అర్ధం లేదు," అన్నాడు రెండుసార్లాయన. "అమ్మా, మీ జోకులకు అర్ధం లేదు."

ప్రూఫురీడరు చెవిలో ముల్లు దిగినట్టయింది. తను రాసింది "అర్థం". వీడు చదువుతున్నది "అర్ధం". థ ఉండాల్సిన చోట ధ! అర్థమంటే భావం, అర్ధమంటే సగం. ఈ ఒక్క అక్షరాన్ని దిద్దడానికి ఆయన జీవితంలో ఎన్ని సీసాల ఎర్రసిరా ఖర్చయిందో ప్రెస్సు గోడలకు తెలుసు. పైగా వీడు బస్టాండు గొంతుతో, ఆ ధను ఒత్తి మరీ పలుకుతున్నాడు. ప్రూఫురీడరు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

"సరిగ్గా వినపడలేదండీ," అంది ఆవిడ మైకులో, ఎంతో మర్యాదగా. "మళ్ళీ ఒకసారి చెబుతారా?"

"అమ్మా, మీ జోకులకు అర్ధం లేదు. అమ్మా, మీ జోకులకు అర్ధం..."

"అర్ధం కాదయ్యా, అర్థం!" ప్రూఫురీడరు లేచి నిలబడిపోయాడు. "థ! థ! నేను సరిగ్గానే రాసిచ్చాను గదా!"

హాల్లో తలలన్నీ ఒక్కసారి కిటికీ వైపు తిరిగాయి.

"నన్నంటారేమిటండీ?" అన్నాడు రెండుసార్లాయన నొచ్చుకుంటూ. "మధ్యాహ్నం అమ్మగారొచ్చి, మీరిచ్చినదాంట్లో తప్పుందట, ఇదీ దిద్దిన కాపీ అని ఇచ్చారు. ఇదీ దిద్దిన కాపీ అని ఇచ్చారు."

"ఆయన మీద కోప్పడకండి," అంది ఆవిడ. "నా జోకులకు అర్ధం లేకపోవడమేమిటి? నేను అర్ధాంగినైతే, అదిగో, మూడో వరుసలో నిలబడింది నా అర్ధమే!"

హాలు పగిలిపోయేలా నవ్వింది. కిటికీ చువ్వ మీది పావురం ఎగిరిపోయింది. ప్రూఫురీడరుకు దానివెంటే పోవాలనిపించింది గానీ, చువ్వలు దగ్గరదగ్గరగా ఉన్నాయి.

"ముద్దయిందన్నావుగా!" అన్నాడు నీరసంగా.

"ముద్దయింది. ఇస్త్రీ చేశాను. ఇంత పొందిగ్గా ఎవరు తిట్టారా అని చూస్తే, తిట్టు మధ్యలో సెమికోలన్! లోకంలో సెమికోలన్ పెట్టి తిట్టే మగాడు ఒక్కడేనండీ. ఓడిపోయానని కూడా మీరే రాసుకున్నారు, పాపం."

"ఇంటికెళ్ళి మాట్లాడుకుందాం."

"ఇంట్లో అనాల్సింది హాల్లో అనిపించారు. కాబట్టి జవాబు కూడా ఇక్కడే. రండి."

ఆవిడ వేదిక దిగి, మైకు ఆయన చేతిలో పెట్టి, ఆయన్ని వేదిక ఎక్కించి, నేరుగా వెళ్ళి ఆయన కుర్చీలో కూర్చుంది. ఇప్పుడు ఆవిడ ముఖంలో నవ్వు లేదు.

"ఈ వారంతో మానేస్తానన్నాను," అంది. "మానాలో వద్దో మీరు చెప్పేదాన్నిబట్టి ఉంటుంది. ఎందుకు చేశారు?"

ప్రూఫురీడరు జనం వైపు చూశాడు. అచ్చులో ఎన్ని వేలమంది పాఠకులనైనా ఎదుర్కొన్నాడు గానీ, కళ్ళున్న పాఠకులను చూడడం ఇదే మొదలు.

"తప్పు నాది," అన్నాడు.

"గట్టిగా! వెనక్కి వినపడటంలేదు!" అని కేక వేసింది ఆవిడ.

"తప్పు నాది!"

"అచ్చుతప్పా?"

జనం మళ్ళీ గొల్లుమన్నారు. చెప్పబోయిన రెండో వాక్యం ఆయన గొంతులోనే ఆవిరైంది. ఇదా సంగతి! కుర్చీలోంచి ఒక్క మాట వస్తే వేదిక మీది మనిషికి ఇలా ఉంటుందన్నమాట. చెమట తుడుచుకుని మొదలుపెట్టాడు.

"అచ్చుతప్పయితే దిద్దుకునేవాణ్ణి. నీ నోట్‌బుక్కు జోకులు బాగోలేవు. మొదటి రోజునుంచీ బాగోలేవు. నేను బ్రహ్మాండం అన్నాను."

"ఎన్నిసార్లు అన్నారు?"

"ముప్ఫై ఒక్క శనివారాలు."

ఎవరూ నవ్వలేదు. ఆవిడ సంచీలోంచి పెన్సిలు తీసింది.

"ఆగండి, ఇది రాసుకోవాలి. వచ్చే శనివారానికి పనికొస్తుంది."

'వచ్చే శనివారం' అన్న మాట చెవిన పడగానే ప్రూఫురీడరుకు ఊపిరి ఆడింది. మైకును రెండు చేతులతో పట్టుకున్నాడు.

"తిట్లన్నీ నావే. జవాబుల్లో ఒక్క అక్షరం నాది కాదు, అవన్నీ నీవే. నిన్ను ఎవరైనా గిల్లితే నువ్వెంత బాగా మాట్లాడతావో ఇంట్లో నాకొక్కడికే తెలుసు. ఆ సంగతి నీకు నేనే చెప్పొచ్చు. కానీ నువ్వు నొచ్చుకుంటే ఎదురుగా కూర్చుని ఆ ముఖం చూడాలి కదా? ఆ ధైర్యం లేక ఇంకొకడి నోరు వాడుకున్నాను. మీరెవరూ ఆయన్నేమీ అనకండి, ఆయనకు కాగితం తప్ప ఏమీ తెలియదు. నువ్వు గెలుస్తావని తెలిసే చేశాను. గెలిచినవాళ్ళకు కూడా దెబ్బ తగులుతుందని మాత్రం తెలియలేదు. ఇప్పుడు ఇక్కడ నిలబడితే తెలుస్తోంది, అక్కడ చీకట్లో కూర్చుని ఒకళ్ళను తిట్టించడం ఎంత సుఖమో. ఆ సుఖం రెండు శనివారాలు అనుభవించాను. అదీ నా నేరం. ఇక దిగొచ్చా?"