ఒకే పొద్దున ఐదు యాక్సిడెంట్లు

ఆ రోజు పొద్దున గోవర్ధన్ చెప్పాల్సిన అబద్ధాలు రెండే. భార్య ప్రేమలతకు డ్యూటీకి పోతున్నానని చెప్పాలి. డ్యూటీలో సూపర్‌వైజర్ సూర్యప్రకాశరావుకు, అత్తను దవాఖానలో చేర్చారని చెప్పాలి. ఆరున్నరకల్లా రెండూ చెప్పేసి, మనసు తేలికపడి బండి తీశాడు. నిజానికి అతను బయల్దేరింది షాద్‌నగర్‌లో ఓపెన్ స్కూలు పదో తరగతి లెక్కల పరీక్ష రాయడానికి.

దీని వెనక పద్నాలుగేళ్ల కథ ఉంది. పెళ్లిచూపుల నాడు మామ బుచ్చయ్య మీసం దువ్వుతూ, తన బిడ్డ పదోది పాసయిందని, పాస్ కానివాడికి పిల్లనిచ్చేది లేదని కుండబద్దలు కొట్టాడు. గోవర్ధన్ అన్ని పేపర్లూ గట్టెక్కి లెక్కల్లో మునిగినవాడు. పిల్ల నచ్చింది. పాసేనని అనేశాడు. ఆ ఒక్క ముక్కతో ఇన్నేళ్లూ అత్తవారింట్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. ఇప్పుడు ఎయిర్‌పోర్టులో సామాన్ల ట్రాలీలు తోసే జట్టుకు అతన్ని పెద్దను చేస్తామని, నెలాఖరులోగా రాసి పాసై సర్టిఫికెట్ చూపాలని అన్నారు. అది తేకపోతే పోస్టు ఇంకొకరికి పోతుంది. పోతే ఎందుకు పోయిందని ఇంట్లో అడుగుతారు. కాబట్టి ఆ పూట లెక్కలు గట్టెక్కడం అతనికి చావుబతుకుల సమస్య.

హాల్ టికెట్ ఫోన్‌లో ఉంది. శంషాబాద్ బస్టాండు దగ్గర సత్తయ్య జిరాక్స్ షాపులో దాన్ని కాగితం మీదికి దించుకుంటే చాలు. ఫోన్ తెరవగానే తెర నిండా సన్నటి అక్షరాలు, వాటి అడుగున 'సరే' అన్న మీట ప్రత్యక్షమయ్యాయి. పైన రాసింది ఎవడూ చదవడు, కింద నొక్కనివాడు ఉండడు. గోవర్ధన్ నొక్కాడు. ఫోన్ నల్లబడి, కాసేపటికి తెల్లబడి, అప్‌డేట్ జరుగుతోందని, దయచేసి ఓపిక పట్టమని చెప్పింది. రెండు శాతం దగ్గర పది నిమిషాలు నిలబడింది.

"పరేషాన్ గాకు అన్నా," అన్నాడు సత్తయ్య. "నాది మొన్ననే అయింది. అప్పటిసంది ఎవలన్న ఫోన్ చేస్తే టార్చి వెలుగుతది. ఎత్తితే ఆరిపోతది. మాట మాత్రం రాదు."

ఎదురుగా ఉన్న మొబైల్ రిపేరు షాపు ఇంకా తెరవలేదు గానీ, దాని మెట్ల మీద అప్పటికే ఆరుగురు అదే కంపెనీ ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. ఒకాయనకు కాల్ వస్తే స్పీకర్ తప్ప ఇంకోటి పనిచేయడం లేదు. నిన్న బస్సులో ఆయన భార్య తిట్టిన తిట్లు డ్రైవర్ దాకా వినిపించాయట. ఇంకొకామె ఫోన్‌లో ఫొటోలన్నీ తలకిందులుగా పడుతున్నాయి. కంపెనీని అడిగితే తర్వాతి అప్‌డేట్‌లో బాగుచేస్తామంటారు, ఆ అప్‌డేట్ వచ్చి పాత జబ్బు ఒకటి తీసి కొత్తవి రెండు అంటిస్తుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఆ ఇంజనీర్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

ఏడూ నలభైకి గోవర్ధన్ ఫోన్ కళ్లు తెరిచింది. 'మీ భద్రతే మా బాధ్యత' అంటూ ఏడు ప్రశ్నలడిగింది. హాల్ టికెట్ కోసం ప్రాణం కొట్టుకుంటున్న గోవర్ధన్ ఏడింటికీ సరే కొట్టాడు. వాటిలో నాలుగోది ఏమంటే, అతనికి యాక్సిడెంట్ అయినట్టు కుదుపు తగిలితే, అతను ఎక్కువగా మాట్లాడే ఎనిమిది మందికి ఫోనే కబురు పంపుతుంది. అది తెలియని గోవర్ధన్ హాల్ టికెట్ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఫోన్‌ను సైలెంట్ చేసి ప్యాంటు వెనక జేబులోకి తోశాడు. హెల్మెట్ తగిలించి బండిని పరుగు తీయించాడు.

లారీలంటే అతనికి భయం. హైవే వదిలి ఊళ్ల పక్కనుంచి పోయే సర్వీసు రోడ్డు పట్టాడు. పాల్మాకుల దగ్గరి స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరిపడింది. మీరు క్షేమమేనా, ఇరవై సెకన్లలో జవాబివ్వండని ఫోన్ మర్యాదగానే అడిగింది. వెనక జేబులోంచి అడిగితే ఎవరికి కనబడుతుంది? ఇరవై సెకన్లు చూసి అది తన పని తాను చేసింది.

శంషాబాద్ పక్క ఊళ్లో బుచ్చయ్య చాయ్ సాసర్‌లో పోసుకుంటుండగా మెసేజ్ వచ్చింది. 'గోవర్ధన్‌కు తీవ్ర ప్రమాదం జరిగింది. స్థలం: పాల్మాకుల.' బావమరిది మహేష్ ఫోన్ కూడా మోగింది. అతను డీసీఎం వ్యానులో టమాటా పెట్టెలు ఎక్కిస్తున్నవాడల్లా వాటిని దించేశాడు. ఖాళీ అయిన వ్యానులోకి అత్త రాములమ్మతో సహా పన్నెండు మంది ఎక్కారు. గోవర్ధన్‌కు ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. ప్రేమలతకు చేస్తే స్విచ్ఛాఫ్. కబురు విని బిడ్డ స్పృహ తప్పి ఉంటుందని రాములమ్మ గుండెలు బాదుకుంది.

వ్యాను హైవే ఎక్కేలోపు రెండో మెసేజ్ వచ్చింది. 'గోవర్ధన్‌కు తీవ్ర ప్రమాదం జరిగింది. స్థలం: కొత్తూరు.' వ్యానులో అందరూ బుచ్చయ్య ముఖం చూశారు. ముప్పై ఏళ్లుగా ఊళ్లో పంచాయితీలు తెంపుతున్న మనిషి, ఆయన దగ్గర జవాబు లేని ప్రశ్న ఉండదు.

"పాల్మాకుల కాడ గుద్దింది. కొత్తూరు దాక ఈడ్చుకపోయింది. లారీ," అన్నాడు బుచ్చయ్య.

ఇంత బాగా కుదిరిన లెక్కను కాదనేవాళ్లు ఎవరున్నారు? మెసేజ్ పంపింది ఫోన్ కంపెనీ కాబట్టి లారీ ఎక్కడుందో కంపెనీకి తెలిసే ఉంటుందని కూడా ఆయనే కనిపెట్టి, కస్టమర్ కేర్‌కు ఫోన్ చేయించాడు. తొమ్మిది అంకెలు నొక్కించుకుని, పావుగంట సన్నాయి వినిపించాక ఒక అమ్మాయి పలికింది. బుచ్చయ్య చెప్పిందంతా విని, జరిగిన అసౌకర్యానికి చింతిస్తున్నామని, ఫోన్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేయమని చెప్పింది.

"ఫోన్ మా అల్లుని జేబుల ఉన్నది బిడ్డా. అల్లుడు లారీ కింద ఉన్నడు."

"అయితే ఆయనతోనే చేయించండి సార్. మా సేవలకు ఒకటి నుంచి ఐదు వరకు ఎంత ఇస్తారు?"

ఆయన ఇచ్చింది ఇక్కడ రాయదగ్గది కాదు. అది ఇస్తుండగానే సూర్యప్రకాశరావు ఫోన్ వచ్చింది. గోవర్ధన్ ఉద్యోగంలో చేరినప్పుడు ఇంటి పెద్దగా రాసిన నంబరు బుచ్చయ్యదే. ఎనిమిది మందిలో సూపర్‌వైజర్ కూడా ఒకడు కాబట్టి ఆయనకూ రెండు యాక్సిడెంట్లు అందాయి.

"మెసేజ్ చూసి కాళ్లూ చేతులూ ఆడడం లేదండీ బుచ్చయ్యగారూ. అసలే వాళ్ల అత్తగారు ఆస్పత్రిలో ప్రాణాపాయంలో ఉన్నారని సెలవు పెట్టాడు, పాపం. ఆవిడకు ఈ విషయం చెప్పకండి," అన్నాడాయన.

స్పీకర్‌లో మాట వ్యానంతా వినిపించింది. అందరూ రాములమ్మను చూశారు. ఆమె ఒడిలో అటుకుల సంచీ ఉంది.

"నేను దవాఖానల ఉన్ననా? ఎప్పటిసంది?" అంది రాములమ్మ. తనకేదో పెద్ద రోగం వచ్చిందని, అది తనకు తప్ప అందరికీ తెలుసని ఆమెకు ఆ క్షణాన నమ్మకం కుదిరింది. అల్లుడి కోసం ఏడుస్తూ మధ్యమధ్య తన కోసం కూడా ఏడవసాగింది.

ఇంతలో మహేష్, నందిగామలో పంక్చర్ షాపున్న తన దోస్తు శేఖర్‌కు ఫోన్ చేసి, వచ్చే లారీనల్లా ఆపి కింద చూడమన్నాడు. శేఖర్ నమ్మకస్తుడు. ఏడు లారీలు ఆపాడు. హైవే నిండిపోయి సర్వీసు రోడ్డు కూడా బిగుసుకుపోయింది. ఆ బిగుసుకున్నవాళ్లలో గోవర్ధన్ ఉన్నాడు. ఏమైందని అడిగితే, ఎవరో మనిషిని లారీ ఈడ్చుకొస్తున్నదని చెప్పారు. పరీక్షకు టైమవుతున్నా మానవత్వం ఊరుకోనివ్వలేదు. బండి దిగి, వంగి, రెండు లారీల కింద తనను తాను వెతికాడు. రెండో లారీ దగ్గర వెనక జేబులోంచి ఫోన్ జారి రోడ్డు మీద పడింది. దాన్ని తీసి, తెర చూడకుండానే దులిపి, ఈసారి చేతి సంచీలో వేసుకున్నాడు. పాపం, ఎవరి కొడుకో అనుకుంటూ సందు చూసుకుని ముందుకు పోయాడు.

మూడో మెసేజ్ నందిగామ అని వచ్చింది. అక్కడే ఉన్నాడు, బాగా చూడమని మహేష్ శేఖర్‌ను కేకలేశాడు. అందరం చూశామని, దారిన పోయే హెల్మెట్ ఆయన కూడా చూశాడని, ఎవరూ లేరని శేఖర్ ఒట్టేశాడు. నాలుగో మెసేజ్ షాద్‌నగర్ ఊరి మొదట్లోని స్పీడ్ బ్రేకర్ నుంచి వచ్చింది. లారీ తప్పించుకుందని బుచ్చయ్య తీర్పు చెప్పాడు. వ్యాను షాద్‌నగర్ చేరి, ఒక్కో దవాఖాన మెట్లూ ఎక్కి దిగింది.

గోవర్ధన్ తొమ్మిదింపావుకు పరీక్ష జరిగే బడి చేరాడు. సంచులు, ఫోన్లు వరండాలో కుప్పగా పెట్టించారు. ఆరో గదిలో కూర్చుని, దేవుణ్ణి తలుచుకుని మొదలుపెట్టాడు. ఆశ్చర్యం, లెక్కలు వస్తున్నాయి. ఆర్నెల్లుగా ట్రాలీల మధ్య కూర్చుని చేసిన కష్టం వృథా పోలేదు. పదకొండు గంటలకు వరండాలోకి ఎండ వచ్చిందని అటెండరు సంచుల కుప్పను ఎత్తి నీడలోకి విసిరేశాడు. ఐదో యాక్సిడెంట్ అయింది. ఈసారి మెసేజ్‌లో బడి పేరు కూడా ఉంది.

పది నిమిషాల్లో వ్యాను గేటు ముందు ఆగింది. పన్నెండు దాకా లోపలికి ఎవరినీ వదిలేది లేదని కానిస్టేబుల్ అడ్డం నిలబడ్డాడు. వదలడం లేదంటే శవం లోపలే ఉందని రాములమ్మ అర్థం చేసుకుంది. గోడ పక్కన చతికిలబడి కొంగు తీసి శోకం ఎత్తుకుంది. గోడకు అవతల కిటికీలు తెరిచిన తరగతి గదులున్నాయి.

ఒక తొట్టిని రెండు పంపులు ఎన్ని గంటల్లో నింపుతాయో గోవర్ధన్ తేలుస్తున్నాడు. ఎవరో పాపం అనుకున్నాడు. మరుక్షణం ఆ గొంతు గుర్తుపట్టాడు.

"ఓ నా అల్లుడా గోవర్ధనా... పదోది పాసైనోడివని ఏరికోరి తెచ్చుకుంటిమి గదరా బిడ్డా... లెక్కలల్ల నీ అసొంటోడు లేకపాయె గదరా..."

అతని చేతిలో పెన్ను ఆగిపోయింది. లేచి బయటికి పోతే బతికున్నానని తెలుస్తుంది, ఎందుకు బతికున్నాడో కూడా తెలుస్తుంది. ఇంకో గంట చచ్చినవాడిగానే కూర్చుంటే తొట్టి నిండుతుంది, పోస్టు దక్కుతుంది. కన్నీళ్లు తర్వాతైనా తుడవొచ్చు. గోవర్ధన్ పళ్లు బిగబట్టి రెండో పంపు మొదలుపెట్టాడు.

అప్పుడు ఇంకో గొంతు వినబడింది. అది గేటు దగ్గర్నుంచి కాదు, వరండాలోంచే. ప్రేమలత గొంతు. తొట్టి, పంపులు, పోస్టు, పద్నాలుగేళ్ల పరువు అన్నీ అక్కడే వదిలి పరిగెత్తాడు.

తల్లి శోకం విని బయటికొచ్చిన ప్రేమలత, నాలుగో గది గుమ్మం ముందు కూలబడి నెత్తి బాదుకుంటోంది.

"లతా, నేను గీడనే ఉన్న. నాకేం కాలే," అన్నాడు గోవర్ధన్.

ఆమె తల ఎత్తి చూసింది. అతని తల, చేతులు, వీపు తడిమింది. అన్నీ ఉన్నాయని తేలాక భుజం మీద ఒక్కటి చరిచి, ముఖం ఆనించుకుని ఇంకా గట్టిగా ఏడ్చింది. తన కోసం ఇంతలా ఏడ్చే మనిషి ఉందని అతను ఎన్నడూ అనుకోలేదు. అబద్ధం చెప్పి బయల్దేరినందుకు సిగ్గేసింది, ఆమె ఏడుస్తున్నందుకు సంతోషమూ వేసింది. కాసేపటికి ఇద్దరికీ ఒకేసారి ఒక అనుమానం వచ్చింది. అతని చేతిలో హాల్ టికెట్ ఉంది. ఆమె చేతిలోనూ ఉంది.

"నాది గూడ లెక్కలే పోయింది," అంది ప్రేమలత మెల్లగా. అంగన్‌వాడీలో పోస్టు పడిందని, సర్టిఫికెట్ అడిగారని, పుస్తకం బియ్యం డబ్బాలో దాచి చదివానని, పొద్దున్నే ఫోన్ ఆపేసి బస్సెక్కానని చెప్పింది.

అతను జవాబు చెప్పేలోపు, కానిస్టేబుల్‌ను తోసుకుని బుచ్చయ్య వచ్చాడు, వెనకే వ్యాను జనం. ప్రేమలత చేయి వెనక్కి పెట్టుకుంది. అల్లుడు నిలువునా బతికుండడం చూసి బుచ్చయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లు తుడుచుకోగానే అల్లుడి చేతిలోని కాగితం కనబడింది. చదివాడు. ముఖం కందగడ్డలా మారింది.

"పాసైన్నని చెప్పి నా బిడ్డను చేసుకుంటివి. పద్నాలుగేండ్లు నన్ను మోసం చేస్తివి. పంచాయితీ పెడత. పదిమందిల నిలబెడత," అన్నాడు.

గోవర్ధన్ తల దించుకున్నాడు. ప్రేమలత వెనక పెట్టుకున్న చేయి ముందుకు తెచ్చి, తన హాల్ టికెట్ తండ్రి కళ్ల ముందు పట్టింది.

"గిది గూడ సదువు బాపు. నేను పాసైన్నని ఆయనకు చెప్పింది ఎవలు?"

బుచ్చయ్య చదివాడు. వ్యాను జనం ఆయన తీర్పు కోసం ఎదురుచూశారు. ఆయన మహేష్ వైపు తిరిగి, టమాటాలు ఎండకు పాడైపోతాయని చెప్పాడు.

పర్యవేక్షణకు వచ్చిన చిన్మయి టీచర్ గది గుమ్మంలో నిలబడి గడియారం చూసింది. "ఇంకా అరగంట ఉందండీ. ఏడ్చేవాళ్లు గేటు బయట ఏడవండి. రాసేవాళ్లు వచ్చి కూర్చోండి," అంది. మొగుడూ పెళ్లాం కళ్లు తుడుచుకుని, ఒకరు నాలుగో గదిలోకి, ఒకరు ఆరో గదిలోకి వెళ్లారు.

వారం తర్వాత ఫోన్ కంపెనీ క్షమాపణ చెబుతూ ఇంకో అప్‌డేట్ పంపింది. దాంతో గోవర్ధన్ ఫోన్ కుదుపులు పట్టించుకోవడం మానేసింది. దాంతోపాటే మోగడం కూడా మానేసింది.

నెలాఖరుకు ఫలితాలొచ్చాయి. ఇద్దరూ పాసయ్యారు. బుచ్చయ్య ఊరంతా మిఠాయిలు పంచాడు. ఎందుకని అడిగినవాళ్లందరికీ, బిడ్డా అల్లుడూ పదోది మళ్లీ పాసయ్యారని చెప్పాడు.