యాభై నాలుగు కిలోల జోడీ

మండలాఫీసు నేల ఊగడం మొదలుపెట్టి పదకొండు నెలలైంది. ఎవరూ భయపడనక్కరలేదు, అది కళ. రాజధాని నుంచి వచ్చిన ఒక కళాకారుడు హాల్లో బండలన్నీ పీకించి, గుమ్మానికి ఎదురుగా ఇరుసు పెట్టి, దాని మీద పెద్ద చెక్కబల్ల పరిపించి వెళ్ళాడు. ‘ఉమ్మడి స్థలంలో చలనం, అస్థిరత’ అని గోడకు పలక కొట్టారు. గుమాస్తాల కుర్చీలు మాత్రం విడిగా సిమెంటు దిమ్మ మీద ఉన్నాయి. అస్థిరతలో పాలుపంచుకోవలసింది ప్రజలే కదా!

పద్ధతి చాలా సులువు. తూర్పున కౌంటరు, పడమర వట్టి గోడ. ఒకరు కౌంటరు వైపు అడుగేస్తే అంతే బరువున్న మరొకరు గోడ వైపు అడుగేయాలి. లేదంటే జనమూ దరఖాస్తులూ కలగాపులగమై ఒక మూలకు జారిపోతాయి. మొదట్లో అలా జారిన ఒకాయన ఇంకెవరిదో పెళ్ళి సర్టిఫికెట్ పట్టుకుని ఇంటికి పోయాడు. బాగానే కాపురం చేసుకుంటున్నాడని వినికిడి.

ఆ రోజు అసిరితల్లి ఇడ్లీ బండి మధ్యాహ్నమే కట్టేసి ఆఫీసుకు పరుగెత్తుకొచ్చింది. కూతురు రోహిణికి హాస్టల్లో సీటొచ్చింది. ఆదాయం సర్టిఫికెట్ సాయంత్రం ఐదులోగా అక్కడ ఇవ్వకపోతే ఆ సీటు వేరే పిల్లకు పోతుంది. గుమ్మం దగ్గర వాచ్‌మన్ ఆమెను కాటా ఎక్కించాడు.

“యాభై నాలుగు. జోడీ ఉందేటి?”

“నేదు బాబూ.”

“దాలినాయుడు గారున్నారులే. యాభై నాలుగున్నర.”

ఇరుసు పక్క బెంచీ మీంచి ఒక ముసలాయన లేచాడు. పొలం కాగితం మీద సంతకం కోసం పందొమ్మిది రోజులుగా వస్తున్నాడాయన. వాచ్‌మన్ రిజిస్టరులో వేలిముద్ర వేయించుకుని, తేడా సర్దడానికి అసిరితల్లి చేతిలో అర కిలో ఆఫీసు కందిపప్పు పొట్లం పెట్టాడు.

“ముందు నువ్వెల్లమ్మా, పిల్ల సదువు గదా,” అన్నాడు దాలినాయుడు. “తర్వాత నాకోసం ఆ గోడకాడ నిల్చుందువు గాని.”

“ఒట్టు తాతా!”

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ చెరో వైపు వెనకడుగులు వేశారు. ఆమె తుమ్మితే ఆయనా తుమ్మాడు, నిబంధన అది. మొదటి గుమాస్తా సంతకం పెట్టి పక్క గుమాస్తా దగ్గరికి పొమ్మన్నాడు. ఆమె రెండడుగులు జరిగితే, ఆయన గోడ వెంట రెండడుగులు జరిగాడు. ముద్ర పడేసరికి అసిరితల్లికి ఏడుపొచ్చినంత పనైంది.

తిరిగొచ్చి ఇద్దరూ గుమ్మం దగ్గర కలుసుకునేసరికి పావు తక్కువ ఐదు. హాస్టల్‌కు పది నిమిషాల నడక. ఆమె గడియారం చూసింది, ఆయన ముఖం చూసింది.

“రేపొస్తాను తాతా. ఒట్టు.”

“అలాగే తల్లీ,” అన్నాడాయన. కోపం లేదు. ఈ పందొమ్మిది రోజుల్లో ఆ మాట ఆయనకు నోటికొచ్చేసింది.

“యాభై ఆరు!” అని ఇంకొకరిని కాటా ఎక్కించి కేకేశాడు వాచ్‌మన్. దాలినాయుడు మూడు పప్పు పొట్లాలు చంకన పెట్టుకుని మళ్ళీ గోడ వైపు బయలుదేరాడు.

సీటు దక్కింది. మర్నాడు బండి దగ్గర ఒకటే రద్దీ, ఆమెకు కుదరలేదు. ఆ మర్నాడు రోహిణిని హాస్టల్లో దింపాల్సొచ్చింది. మూడో రోజు ఆ ఆఫీసు ముందు నుంచే నడిచి వెళ్ళింది. రోడ్డు ఏమాత్రం ఊగలేదు. అవతల ఎవరో ఒకరు నిలబడే ఉంటారులే అనుకుని, నిశ్చింతగా అడుగేసింది.