తొమ్మిదో అంతస్తులో ఆరు తుయోలు

ఆదివారం ఉదయం ఆరున్నరకు పురిఫికాసియోన్ టీచరు ఆరు తుయోలు వేయించుకోవాలని నిశ్చయించుకున్నారు. తుయో అంటే జానెడు కూడా లేని ఉప్పు ఎండుచేప. నూనెలో పడిందంటే వీధి చివరి మనిషికి కూడా ఆకలేస్తుంది. మండలుయోంగ్ నగరంలో ఆవిడ అద్దెకుంటున్న ఇరవై అంతస్తుల భవనంలో మాత్రం అది నేరం. ఇప్పటికే ఆవిడ మీద రెండు ఫిర్యాదులున్నాయి. మూడోది పడితే పదకొండేళ్లుగా ఉంటున్న ఇల్లు ఖాళీ చేయాలి.

"తుయో తింటే నోటీసా! నాకా!" అని ఆవిడ ఆ నోటీసు కాగితాన్ని రోజూ తిడుతూనే ఉన్నారు. తిట్టరా మరి? ఆ భవనంలో తుయో తినకుండా పెరిగిన మనిషి ఒక్కరుంటే చూపించండి. కింద హాల్లో పాలరాయి పరిచేసరికి అందరికీ కొత్తగా ముక్కులు మొలిచాయి.

అయినా ఆవిడ జాగ్రత్తపడ్డారు. కిటికీలు బిగించారు. తలుపు కింద తడి తువ్వాలు కుక్కారు. పొగ పోవడానికి స్నానాలగదిలో ఫ్యాను వేశారు. ఆ ఫ్యాను గొట్టం ప్రతి అంతస్తులోని స్నానాలగదికీ కలిసి ఉంటుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చేపలు చిటపటమన్న ఐదు నిమిషాలకు, పైనా కిందా సబ్బు రాసుకుంటున్న వాళ్లంతా ఆగిపోయారు.

చద్దన్నంలో వెల్లుల్లి వేసి వేయించి, వెనిగర్‌లో మిరపకాయ చిదిమి, పళ్లెం ముందు కూర్చున్నారో లేదో తలుపు చప్పుడైంది. కాపలా ఉండే క్రిసాంతో.

"టీచరమ్మా, పదో అంతస్తు నుంచి ఫోనొచ్చింది. ఏదో వాసనొస్తోందంట..."

"ఏ వాసనా లేదు. రా, తిందాం."

ఇక్కడే కొంప మునిగింది. తింటున్నప్పుడు గుమ్మంలో మనిషి కనబడితే "రండి, తిందాం" అనడం మా మర్యాద. "ఇప్పుడే తిన్నానండీ" అనడం ఎదుటివాళ్ల మర్యాద. మాకు బుద్ధి తెలిసినప్పటి నుంచీ ఇంతే. అలాంటిది, క్రిసాంతో టోపీ తీసి బల్ల మీద పెట్టి కూర్చున్నాడు! చూస్తుండగానే రెండు చేపలు వెళ్లిపోయాయి.

వైర్‌లెస్‌లో పలకని కాపలావాణ్ణి వెతుక్కుంటూ మేనేజరు అబెలార్దో వచ్చాడు. చేతిలో మూడో ఫిర్యాదు కాగితం, సంతకం ఒక్కటే తక్కువ. క్రిసాంతో లేచి నిలబడ్డాడు గాని నమలడం ఆపలేదు.

"డ్యూటీలో ఇదేం పనయ్యా?"

"సాక్ష్యం పరిశీలిస్తున్నా సార్."

"రండి, తిందాం," అనేసింది టీచరు నోరు. అరవై ఏడేళ్ల అలవాటు, ఆవిడ మాట వింటుందా?

"ఆఫీసు పనిమీద వచ్చానండీ టీచరుగారూ," అన్నాడు మేనేజరు, కుర్చీ లాక్కుంటూ. "తోక ఒక్కటి చాలు."

తోకతో పాటు చేప వెళ్లింది. దాని వెనకే ఇంకోటి వెళ్లింది.

అప్పుడు దిగారు పదో అంతస్తు మిలాగ్రోస్. మొదటి రెండు ఫిర్యాదులూ ఆవిడవే. తలకు తువ్వాలు, చేతిలో పెన్ను.

"ఏదీ ఆ కాగితం? సంతకం పెడతా! ప్రశాంతంగా స్నానం కూడా చేయనివ్వరా?"

"పడకపోతే ముక్కు మూసుకోండి!" అని అరిచారు టీచరు.

"పడకపోవడమా? బీపీ అని డాక్టరు ఉప్పు మాన్పించి ఎనిమిది నెలలైంది! పొద్దున్నే ఓట్స్ జావ తాగుతున్నా. సరిగ్గా అప్పుడే మీరు తుయో వేస్తారు. మీకసలు మనసుందా?" ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి.

టీచరుకు కోపం పోలేదు గాని జాలి కూడా వేసింది. ఆ జాలిలో నోరు మళ్లీ జారింది.

"రండి, తిందాం."

మిలాగ్రోస్ పెన్ను పక్కన పెట్టి, మిగిలిన రెంటినీ తలలతో సహా నమిలారు. వెనిగర్ కూడా వదల్లేదు.

"మరి ఫిర్యాదు?" అన్నాడు మేనేజరు.

"ఏం ఫిర్యాదయ్యా? నాకు జలుబు చేసింది. ఏ వాసనా తెలియట్లేదు," అన్నారావిడ వేళ్లు నాకుతూ.

ఇల్లు దక్కింది. ముగ్గురూ పొట్టలు నిమురుకుంటూ లేచారు. టీచరు పళ్లెంలోకి చూశారు. నాలుగు పొలుసులు, ఇంత నూనె. ఆవిడ ఇంకా ఒక్క ముక్క కూడా నోట పెట్టలేదు.

"ఆగండి! ఆ కాగితం ఇటివ్వండి."

"మీ ఇంటి మీద మీరే ఫిర్యాదా? వద్దండీ టీచరుగారూ, ఇల్లు ఖాళీ చేయాల్సొస్తుంది!"

"నా ఇంటి మీద కాదు, మీ ముగ్గురి మీద! ముప్పై రెండేళ్లు ఊళ్లో పిల్లలందరికీ మర్యాద నేర్పాను. మీకెవరూ నేర్పలేదా?"

ఆవిడ నిలబడే రాసి, కింద గట్టిగా గీత గీసి ఇచ్చారు. మేనేజరు చదివాడు: "రమ్మనగానే తిన్నారు." ఆఫీసుకు వెళ్లి నిబంధనల పుస్తకం మొదటి నుంచి చివరిదాకా తిరగేశాడు. ఆ నేరానికి అందులో శిక్ష లేదు.