కీ ఇయ్యాలంట

చంద్రశేఖర్ ఆ పొద్దు వేసుకున్న లెక్క చిన్నది. హిందూపురంలో బస్సెక్కితే పెనుకొండకు గంట. పన్నెండుకు యశోదమ్మను కలవాలి, బస్టాండు దగ్గర పది నెలలుగా మూతపడి ఉన్న తన గదిని ఆమెకు అద్దెకు అంటగట్టాలి. ధర్మవరంలో టిఫిన్ సెంటర్ నడిపే యశోదమ్మ పెనుకొండలో ఇంకొకటి తెరవాలనుకుంటోంది. ఇప్పటికే ఆమెను రెండుసార్లు ఎండలో నిలబెట్టాడు. టైము చూద్దామని ఫోను తీస్తే, అందులో మార్కెట్టు చింతపండు ధరలు చూస్తూ అరగంట పోగొట్టుకోవడం అతని జబ్బు. "ఈతూరి ఆలస్యమైతే వేరే గది చూసుకుంటానప్పా" అని ఆమె తేల్చేసింది.

అందుకే నిన్న ధర్మవరంలో చేతివాచీ కొన్నాడు. తెల్లటి డయలు, ఇంచుమించు ఒకే పొడుగున్న రెండు సన్నటి ముళ్లు. అంకెలు లేవు, బ్యాటరీ లేదు.

"పన్నెండంకెలు లేవు గదప్పా, ఆ మేరకు తగ్గించు."

"అదే ఫ్యాషనన్నా. తక్కువుంటేనే అందం" అన్నాడు అంగడి సంతోష్.

"అట్లయితే ధర కూడా అందంగా ఉండనీ."

బేరం తెగి, బిల్లు మీద ఫోను నంబరు రాయించేసరికి రైలు వేళయింది. సంతోష్ వెనకనుంచి ఏదో అరుస్తున్నా వినకుండా పరుగెత్తాడు.

పొద్దున స్నానం చేసి వాచీ పెట్టుకుంటే పదీ పది. ఉగ్గాని తిన్నాడు, పదీ పదే. తీరిగ్గా కాఫీ తాగాడు, అప్పుడూ అంతే. చేతికి వాచీ ఉంటే టైము కూడా పొదుపవుతుందని మురిసిపోయాడు.

అంతలో భార్య నాగజ్యోతి, చార్జింగులో ఉన్న అతని ఫోను తెచ్చిచ్చింది.

"ధర్మవరం నుంచి ఎవురో మగాయన చేసినాడు. కీ ఇయ్యాలంట. ఇయ్యకుంటే ఆగిపోతాదంట."

"ఏమాగిపోతాది?"

"అడిగేలోపల పెట్టేసినాడు."

ధర్మవరమంటే యశోదమ్మ కొడుకే అయి ఉంటాడని చంద్రశేఖర్ తేల్చుకున్నాడు. మూడు నెలల అడ్వాన్సు చేతిలో పడందే కీ ముట్టుకోనివ్వకపోవడం అతని పద్ధతి. ఆ పద్ధతితోనే గది పది నెలలు ఖాళీగా ఉంది. ముందు కీ ఇస్తే అడ్వాన్సు పోతుంది, ఇవ్వకుంటే బేరం ఆగుతుంది. ఎటు కూడినా నష్టమే వస్తోంది.

బస్సు సోమందేపల్లి దాటినా వాచీలో పదీ పదే. పక్కసీటు పెద్దాయన వంగి చూశాడు.

"రెండుకు పది తక్కువప్పా."

చంద్రశేఖర్ వాచీని అటూ ఇటూ తిప్పి చూశాడు. అంకెలు లేని వాచీలో ఏ ముల్లు పెద్దదో, ఏది చిన్నదో తేలలేదు. పెనుకొండలో బస్సు ఆగీ ఆగకముందే దూకాడు.

షట్టరు ముందు యశోదమ్మ ఆటోలో ఒక కాలు పెట్టి ఉంది. చంద్రశేఖర్ రొప్పుతూ వెళ్లి కీ ఆమె చేతిలో పెట్టాడు.

"ఇదో కీ! ఆగిపోనియ్యొద్దక్కా!"

"ఏం ఆగిపోనియ్యొద్దు?"

అది అతనికీ తెలియదు. "అదే... అంతా" అన్నాడు.

యశోదమ్మ కాలు కిందికి దించింది. "నువ్వు దుడ్లు చూడందే కీ ఇయ్యవని ఊరంతా చెప్పినారు. వద్దని చెప్పిపోదామనే వచ్చినా. ఇంత మంచోనివనుకోలేదప్పా!" తాళం తీసి, షట్టరెత్తి లోపలంతా చూసింది. కీ నడుముకు దోపుకుని, మూడు నెలల అడ్వాన్సు అడక్కుండానే లెక్కపెట్టి ఇచ్చింది.

నోట్లు జేబులోకి పోతుండగా ఫోను మోగింది.

"అన్నా, నేను సంతోష్‌ని. కీ ఇచ్చినావా?"

వాచీ అంగడాయన పేరు అడిగింది లేదు గనక, వీడే యశోదమ్మ కొడుకనుకున్నాడు చంద్రశేఖర్. "ఇచ్చినానప్పా."

"ఎన్ని చుట్లు తిప్పినావు?"

"నేను తిప్పలేదు. ఆమే తిప్పి తెరిచింది."

"తెరిచిందా! తెరవకూడదన్నా, లోపలున్నవన్నీ చెదిరిపోతాయి!"

"ఏముండాయప్పా చెదిరిపోయేకి? రెండెలుకలు తప్ప."

"ఎలుకలా? నేనమ్మిన వాచీలోనా?"

చంద్రశేఖర్ మణికట్టు వైపు చూశాడు. వాచీ పక్కన కీ తిప్పే చిన్న మర. పొద్దుటినుంచి అది అట్లాగే ఉంది, తను తాకిందే లేదు.

"ఎవురప్పా ఫోన్లో?" అంది యశోదమ్మ.

"ఎవురో అక్కా, టైమెంతని అడుగుతాండాడు" అని ఫోను పెట్టేశాడు.

సాయంత్రం ఇంటికి పోయి వాచీకి కూడా కీ ఇచ్చాడు. అది మాత్రం అడ్వాన్సు ఇవ్వలేదు.